ఐదో కంబం దగ్గర పద్దెనిమిది నిమిషాలు

నా తల మీద మొదటి దెబ్బ పడినప్పుడు నేను చదువుతున్నాను. చేతిలో తహసీల్దారు కార్యాలయం ముద్ర వేసిచ్చిన అనుమతి పత్రం, ఎదురుగా ముప్పై నలభై మంది రైతులు. వారికి స్పష్టంగా వినిపించాలని ప్రతి పదాన్నీ విడదీసి, గొంతు పెంచి చదువుతున్నాను. ఆ దెబ్బ నాకు ఎందుకు పడిందో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. దానివల్ల మరొక మనిషికి పడిన దెబ్బల గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన తర్వాతి సంవత్సరాలవి. నేను ఎం.టెక్ ముగించి ఒక ఇంజనీరింగ్ కళాశాలలో పరిశోధన సహాయకుడిగా చేరాను. దేవరకొండ దాటి మహబూబ్‌నగర్ వైపు పోయే మెట్ట భూముల్లో మాకొక ప్రయోగ క్షేత్రం నిర్మించే పని అప్పగించారు. మనిషి నడుస్తూనో బండి మీద పోతూనో ఉంటే అతని దగ్గరున్న వైర్‌లెస్ పరికరం ఒక కంబాన్ని వదిలి మరో కంబాన్ని ఎలా అందుకుంటుంది, ఆ మధ్యలో ఎంత సమాచారం జారిపోతుంది అన్నది మా ప్రశ్న. గదిలో కంప్యూటర్ మీద ఈ ప్రశ్నకు చక్కని జవాబులే వస్తాయి. కానీ గదిలో ఏనుగంత గుండ్లు ఉండవు, సర్కారు తుమ్మ ఉండదు, నడినెత్తి ఎండకు కాలిపోయే బ్యాటరీ ఉండదు. అందుకే రోడ్డు పక్క నుంచి గుట్ట మొదలు దాకా ఎనిమిది ఇనుప కంబాలు పాతి, ఒక్కొక్కదాని తలమీద ఒక రేడియో పెట్టె, ఒక సౌరఫలకం బిగించాలని నిర్ణయించాం.

ఆ నేల గుంత తవ్వనివ్వదు. జానెడు లోతుకే రాయి తగులుతుంది. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచి, దెబ్బ తిరిగి మన భుజానికే వస్తుంది. కంప్రెసర్ తెప్పించి రాయిని పగలగొట్టి, కాంక్రీటు పోసి నిలబెట్టాం. అంతకుముందే కంబాలు రావలసిన చోట్లన్నీ కొలిచి, సున్నంతో పెద్ద గుర్తులు పోసి, పక్కన రాళ్ల మీద ఎర్రరంగుతో నంబర్లు వేయించాను. ఈ పని చక్కగా చేశానని ఆనాడు నాకు గర్వంగా ఉండేది.

కదిలే పరికరాలు మోయడానికి ఆ ఊరి మనుషులనే ఎంచుకున్నాం. అరచేతి వెడల్పు పెట్టె అది. దానికొక నంబరు, ఆ నంబరుకు ఎదురుగా మా పుస్తకంలో మనిషి పేరు. ఒకటో నంబరు పెట్టె నా నడుముకే ఉండేది. పాలబండి నడిపే ఆయన ఒకటి తీసుకున్నాడు. తొమ్మిదో నంబరు పెట్టెను ఒక గొర్ల కాపరి తీసుకున్నాడు. యాభై దాటిన మనిషి. నేనాయనను కాకా అని పిలిచేవాణ్ని, ఆయన నన్ను సారూ అనేవాడు.

పెట్టెను ఆయన నడుముకు కట్టిన రోజు, "గిది పేలదు గద సారూ?" అని అడిగాడు.

"పేలదు కాకా."

"మా ఇంటిది అడుగుమన్నది. నేను పోతే పోయిన గని, మంద బెదిరితే దొరకవట్టుడు కష్టం."

అదే మనిషి నా సున్నం గుర్తుల దగ్గర నిలబడి, ఇంకొక మాట కూడా అన్నాడు. "సున్నం పొయ్యకుండ్రి సారూ. గీ జాగల సున్నం మంచిది గాదు."

"అనుమతి ఉంది కాకా. కాగితం ఉంది."

"కాగితం నాకు జూపెడ్తే ఏమొస్తది? నా భూమి గాదు గద. భూమి గలోళ్ల ఇంటికి పోయి, కూసోని, చాయ తాగి చెప్పుండ్రి."

నేను వెళ్లలేదు. తహసీల్దారు గారికి దరఖాస్తు ఇచ్చాను, సర్పంచు సంతకం తీసుకున్నాను, పత్రాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి సంచిలో దాచుకున్నాను. మా ఇంట్లో కాగితం చదవగలిగిన మొదటివాణ్ని నేను. మా బాపు మగ్గం నేసే మనిషి. వాడకట్టులో ఎవరికి ఆఫీసు ఉత్తరం వచ్చినా మా అరుగు మీదికి తెచ్చేవారు. నేను నిలబడి పెద్దగా చదివేవాణ్ని, వాళ్లు ఊపిరి బిగబట్టి వినేవారు. ముద్ర పడిన కాగితాన్ని స్పష్టంగా చదివి వినిపిస్తే మనుషులు నెమ్మదిస్తారని నా ఎరుక.

పక్క మండలంలో జలాశయం కింద భూములు పోయిన సంగతి నాకు తెలియనిది కాదు, పత్రికల్లో చదివాను. అక్కడ అన్నీ ఇదే వరుసలో జరిగాయని మాత్రం చదవలేదు. మొదట సున్నం గీతలు, తర్వాత రాళ్ల మీద ఎర్ర నంబర్లు, ఒకనాడు ఎవరో చదువుకున్న మనిషి వచ్చి సర్వే నంబర్లు పెద్దగా చదవడం, ఆ వెనుకే బుల్డోజరు.

ఆ సాయంత్రం ఐదు దాటింది. ఐదో కంబం మీద సౌరఫలకం తుడిచి కిందికి దిగేసరికి గుంపు చుట్టూ నిలబడి ఉంది. పారలు, కట్టెలు, ఒక ట్రాక్టరు.

"ఎవ్వల భూములు రాసుకపోతున్నవ్ రా?" ముందున్న నడివయసు మనిషి అడిగాడు.

"ఇది భూసేకరణ కాదండి, పరిశోధన. దయచేసి వినండి, చదువుతాను."

"పక్కూర్ల గూడ ముందుగాల గిట్లనే అన్నరు," అని వెనుక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు.

నేను చదవడం మొదలుపెట్టాను. ఫలానా గ్రామ శివారులోని ఫలానా సర్వే నంబర్ల యందు అంటూ మూడు నంబర్లు చదివాను. ముందున్న మనిషి చేయెత్తాడు.

"ఆగు. నాది గూడ ఉన్నదా జూడు," అని తన నంబరు చెప్పాడు.

ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడనుకున్నాను. వేలు పెట్టి వరుసలో వెతికాను, దొరికింది. "ఉందండి," అన్నాను. ఆయన మరచిపోయిన ఉపవిభాగం కూడా కలిపి చెప్పాను.

పార కామ ఎడమ చెవి పైన తగిలింది. రెండోది భుజం మీద పడింది. పత్రాన్ని నలగనివ్వకూడదన్న తెలివితక్కువ ఆలోచనతో చేయి పైకెత్తాను, ఆ చేతి మీద రాయి పడింది. వేళ్లు విరిగిన శబ్దం నాకు వినిపించింది, నొప్పి తర్వాత తెలిసింది. పక్కటెముకల్లో తన్నులు. "సర్కారు కుక్క" అన్న మాట. ట్రాక్టరు మొరాయిస్తూ కంబాన్ని లాగుతున్న చప్పుడు. కాంక్రీటు గట్టిగా పోయించాను కనుక అది వెంటనే రాలేదు. ఎవరో నా జుట్టు పట్టి ముఖాన్ని సున్నం గుర్తులో రుద్దారు. "నువ్వు వోసిందే గద, నాలుకతోని నాకు! నాకు రా!" నోరు, ముక్కు, కుడి కన్ను భగ్గున మండాయి. నాకు గుర్తున్నది అంతవరకే.

జిల్లా దవాఖానలో కళ్లు తెరిచాను. ఒకే కన్ను తెరుచుకుంది. తలకు కుట్లు, కుడిచేతి మూడు వేళ్లకు కట్టు. మా బాపు ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. పాలబండి నడిపే ఆయన నన్ను తెచ్చి చేర్చాడని నర్సు చెప్పింది. ఒకటో కంబం దగ్గర, రోడ్డు పక్కన పడి ఉంటే ఎక్కించుకున్నానని ఆయన రాయించాడట. ఐదో కంబం దగ్గర పడినవాడిని, మైలు దూరంలో ఒకటో కంబం దగ్గర ఎలా దొరికాను? ఈ ప్రశ్న నాకు రాలేదు. అంకెల మనిషిని, కొలతల మనిషిని, నాకు రాలేదు.

మూడో రోజు ఎస్సై వచ్చాడు. ఎవరు కొట్టారని అడిగాడు. ముఖాలేవీ గుర్తు లేవన్నాను. అది నిజమే. తల లోపల ఆ ముఖాలున్న చోటంతా తెల్లగా ఉంది.

మా ప్రొఫెసరు గారు పక్కనే ఉన్నారు. "నీకు గుర్తులేకపోతేనేం? క్షేత్రానికి గుర్తుంటుంది కదయ్యా," అన్నారు.

కంబాల్లోని పెట్టెలు తమ నమోదులను నిమిష నిమిషానికీ పక్క కంబానికి పంపుతాయి. ఐదో కంబం కూలేలోపు చూసినదంతా నాలుగో కంబంలో భద్రంగా ఉంది. ప్రొఫెసరు గారు తెప్పించిన ల్యాప్‌టాప్‌లో, దాడి జరిగిన కాలం వరకు కత్తిరించి ఒక పుట తీశాను. నా పెట్టె కాక, దాడి సాగిన ఆ పద్దెనిమిది నిమిషాల్లో ఐదో కంబం కింద మరొక పెట్టె ఉంది. తొమ్మిదో నంబరు. దాని సంకేతం నా పెట్టెకు అంటుకున్నంత బలంగా ఉంది.

ఎస్సైకి ఆ పుట మీద తొమ్మిదో పెట్టె గీతను చూపి వివరించాను. డిగ్రీ పరీక్షకులకు వివరించినంత శ్రద్ధగా వివరించాను. "ఈ వ్యక్తి దాదాపు మొదటి నుంచి చివరి దాకా నాకు రెండడుగుల దూరంలోపే ఉన్నాడు," అన్నాను.

"మిషన్ అబద్ధమాడదా?"

"ఆడదు సార్."

ఎడమచేత్తో సంతకం పెట్టాను. ఆ ముప్పై నలభై మందిలో మా పెట్టె ఉన్నది ఒక్కరి దగ్గరే. మమ్మల్ని నమ్మి దాన్ని మోసినవాడు మాత్రమే మా యంత్రానికి కనిపిస్తాడు. నన్ను కొట్టిన చేయి ఒక్కటి కూడా దానికి కనిపించదు. ఈ సంగతి చెప్పడానికి ఏ డిగ్రీ పట్టా అక్కరలేదు. అయినా నాకు తట్టలేదు.

ఐదో రోజు పొద్దున వార్డులోకి ఒకామె వచ్చింది. కంబాల సారు ఎవరని గుమ్మంలో అడుగుతోంది.

"నేనే అమ్మా," అన్నాను.

ఆమె నా మంచం దాకా నడిచి వచ్చి, కాలి చెప్పు తీసి నా ముఖం మీద కొట్టింది. సున్నానికి కాలి పుండైన చెంప అది. రెండోసారి కొట్టింది. నర్సు వచ్చి చేయి పట్టుకుంది.

"అమ్మనా? నిన్ను మోసుకొచ్చిన మనిషిని ఠాణల కొట్టిపిస్తున్నవ్, నేను నీకు అమ్మనా?"

"ఎవరమ్మా? నన్నెవరు మోశారు?"

"నీ తొమ్మిదో నంబరు! గొర్లోడు! లొల్లి ఇని మందను ఇడిసి ఉరికొచ్చి, నీ మీద బోర్ల పండుకొని దెబ్బలన్ని ఆయన దిన్నడు. వాళ్లు సాలిచ్చుకొని పోయినంక నిన్ను ఈపున ఏసుకొని రోడ్డు దాక తెచ్చిండు. పాలబండాయనకు దండం వెట్టిండు, నా పేరు జెప్పకు తమ్మీ, ఊర్ల బతకనియ్యరు అని. గా పాలబండాయన నోరు మూసుకున్నడు. నువ్వు జెప్తివి గద పేరు!"

"నాకు గుర్తులేదమ్మా. నిజంగా..."

"యాదికి లేకుంటే నోరు మూసుకోవాలె! సంతకం ఎందుకు వెట్టినవ్?"

నర్సు ఆమెను గుమ్మం దాకా నడిపించింది.

ఆమె వెళ్లగానే ల్యాప్‌టాప్ తెరిచాను. ఎడమచేత్తో మీటలు నొక్కుతూ, నేను కత్తిరించిన చోటు నుంచి నమోదులను మళ్లీ తీశాను. ఐదు ఇరవై ఎనిమిదికి నా పుట అయిపోయింది. ఆ తర్వాత రెండు గీతలూ కదలడం మొదలుపెట్టాయి. ఒకటి, తొమ్మిది. ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టు, ఎక్కడా విడిపోకుండా, నాలుగో కంబానికి, మూడో కంబానికి. నడిచే మనిషి వేగంలో సగం కూడా లేదు. నాలుగు చోట్ల రెండూ ఆగాయి. రెండో కంబం దగ్గర చాలాసేపు ఆగాయి. అక్కడ వాగు దిగి ఎక్కాలి. ఒకటో కంబం దగ్గరికి చేరేసరికి గంట గడిచింది. అక్కడి నుంచి నా గీత రోడ్డు మీదుగా జారి మాయమైంది. తొమ్మిదో గీత ఒంటరిగా వెనక్కు, గుట్ట వైపు, మంద వైపు వెళ్లింది.

కొట్టేవాడు ఆగి ఆగి మోయడు. రుజువు మొదటి నుంచీ అదే నమోదులో ఉంది. నేను మొదటి పుటతో ఆపేశాను.

మధ్యాహ్నానికి కాగితాలు తీసుకుని, బాపు భుజం పట్టుకుని ఠాణాకు వెళ్లాను. వెనక గది నుంచి వస్తున్న చప్పుడు వరండాలోకి వినిపిస్తోంది. తడిబట్టను బండ మీద ఉతుకుతున్నట్టుంది. మధ్యలో మనిషి గొంతు రావడం లేదు. అరిచే దశ దాటిపోయిందని తర్వాత తెలిసింది.

ఎస్సై కాగితాలు చూశాడు, నా వివరణ అంతా విన్నాడు.

"మొన్న గిదే కాగితం వట్టుకొని గట్ల జెప్తివి. ఇయ్యాల ఇంకో కాగితం వట్టుకొచ్చి గిట్ల జెప్తున్నవ్. ఏ కాగితం నమ్మాలె చెప్పు?"

"రెండూ ఒకటే సార్. మొన్న నేను సగమే తెచ్చాను."

"అయితే కొట్టింది ఎవలు? నాకు ఒక్క పేరన్న కావాలె గద. వానికి అందరు ఎరుకనే. ఒక్క పేరు జెప్తే ఇప్పుడే ఇంటికి పోతడు, నేను ఆపుతున్ననా?" అని లోపలికి కేక వేశాడు.

ఇద్దరు కానిస్టేబుళ్లు ఆయనను చంకల కింద పట్టుకుని తెచ్చారు. అరికాళ్లు నేలకు ఆనించలేక మోకాళ్ల మీద జారుతున్నాడు. చొక్కా లేదు. వీపంతా కట్టె వాతలు. పాతవి నల్లబడ్డాయి, కొత్తవి ఇంకా తడిగా ఉన్నాయి. ఆ నల్లబడినవి నావి.

"చెప్తవా?" ఎస్సై అడిగాడు.

"చెప్పిన గద సార్. మస్తు మంది ఉండిరి. దుమ్ము లేసింది. ఎవలు కనవడలే."

ఎస్సై నా వైపు తిరిగాడు. "విన్నవా? నూరు గొర్లల్ల తన గొర్రెను గుర్తువట్టేటోడు. ముప్పై మందిల ఒక్కన్ని గుర్తువట్టలేదట!"

కాపరి నన్ను చూశాడు. ఆ చూపులో కోపం కూడా లేదు. పేరు చెబితే ఆయన ఈ గది నుంచి బయటపడతాడు, కానీ ఊళ్లో ఉండలేడు. చెప్పకపోతే ఆ సాయంత్రం కూడా తడిబట్ట చప్పుడే. దీనికి మూడో దారి నా చేతిలో ఉంది.

"ఇప్పటికే కేసు రాశారా సార్?" అని అడిగాను.

"రాయలే. పేరు వచ్చినంక రాద్దామని ఆగినం."

"నేను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను."

ప్రొఫెసరు గారికి ఫోను చేశాను. "ఫిర్యాదు లేకపోతే పరికరాలకు దిక్కు లేదు. క్షేత్రం మూసేస్తారు. నీ పరిశోధన అక్కడితో ఆగిపోతుంది. ఆలోచించుకునే అంటున్నావా?" అన్నారాయన. అవునన్నాను.

ఎడమచేత్తో రాశాను. నన్నెవరూ కొట్టలేదని రాయమన్నాడు ఎస్సై, కంబం మీది నుంచి పడ్డానని. జీవితంలో నేను సంతకం పెట్టిన మొదటి అబద్ధపు కాగితం అది. అక్షరాలు గుండ్రంగా రాలేదు. "ఇంజనీరు రాత ఒకటో తరగతోని తీరుగున్నది," అని ఎస్సై నవ్వి, దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

కాపరి భార్య బయట వేపచెట్టు కింద ఆటో ఆపి కూర్చుంది. ఆయనను మెట్ల దాకా వదిలి కానిస్టేబుళ్లు లోపలికి వెళ్లిపోయారు. నేను ముందుకు వెళ్లి ఎడమ భుజం అందించాను.

"ముట్టకు," అందామె.

ఒక్కతే ఆయనను ఎత్తి, ఈడ్చి ఆటోలో కూర్చోబెట్టింది. కాలు ఆటో అంచుకు తగిలినప్పుడు ఆయన పళ్ల మధ్య నుంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. ఆయన చెప్పులు ఠాణా మెట్ల మీద ఉండిపోయాయి. తెచ్చి ఇచ్చాను. ఆ పాదాలకు అవి పట్టేలా లేవు. ఆమె వాటిని ఒళ్లో పెట్టుకుంది.

ఆయన మొదట అడిగింది భార్యనే. "మంద యాడున్నది?"

"దొడ్లనే."

"ఎవలు గాసిండ్రు?"

ఆమె ఒళ్లోని చెప్పులకు అంటిన మట్టి దులిపింది.

"నిన్నే అడుగుతున్న. ఎవలు గాసిండ్రు?"

"నేను ఠాణ సుట్టు తిరగాల్నా, మందను గాయాల్నా? ఊర్ల ఎవల్ని అడిగినా మొకం తిప్పుకున్నరు."

"కుక్కలు వడ్డయా?"

"పడ్డయ్."

"ఎన్ని వోయినయ్?"

"పిల్లలు పదకొండు. తల్లులు మూడు. ఒక తల్లి పేగులేసుకొని పొద్దటిదాక నిలవడ్డది. నేనే కోసిన."

ఆయన కళ్లు మూసుకున్నాడు. రెండు రోజులుగా లాఠీకి రాని కన్నీళ్లు అప్పుడు వచ్చాయి. నేను ఏదో అనబోయాను. నష్టం, బాధ్యత లాంటి మాట ఏదో. ఆయన కళ్లు తెరవకుండానే ఆపాడు.

"ఏం జెప్పకు సారూ. మంచిగ సదువుతవ్ నువ్వు, సదివింది సాలు."

ఆటో స్టార్టయింది. ఆయన ఈసారి కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"మా తొవ్వకు రాకు. వస్తే వాళ్లు ఊకోరు. మల్ల నీ మీద పండుకునే పానం నాకు లేదు."

ఆటో దేవరకొండ రోడ్డు మీద కనుమరుగయ్యే దాకా అక్కడే నిలబడ్డాను. ఆ ఊరికి నేను మళ్లీ వెళ్లలేదు. మిగిలిన కంబాలను గుత్తేదారు మనుషులు పోలీసుల తోడుతో వెళ్లి కోసి తెచ్చారు. తొమ్మిదో నంబరు కాపరి కాళ్లు కోలుకున్నాయో లేదో పాలబండి ఆయనకు రెండుసార్లు ఫోను చేసి అడిగాను. మొదటిసారి, కట్టె పట్టుకుని వాకిలి దాకా వస్తున్నాడని చెప్పాడు. రెండోసారి, మందను అమ్మేసిండు, ఇక అడగకుండ్రి సార్ అని పెట్టేశాడు.